క్రీస్తు న్యాయపీఠం ముందు

ప్రియ సహోదరీ సహోదరులారా,

తీర్పు అనగానే మనలో చాలామందికి ప్రకటన గ్రంథం 20వ అధ్యాయమే గుర్తొస్తుంది. ధవళ సింహాసనం, తెరిచిన గ్రంథాలు, అగ్నిగుండం. వెంటనే టెన్షన్ మొదలవుతుంది. అయితే పౌలు కొరింథు విశ్వాసులకు రాసిన రెండో పత్రికలో, మనమందరం క్రీస్తు న్యాయపీఠం ఎదుట నిలబడాలి అంటాడు. ‘మనమందరం’ అన్నాడు కాబట్టి తనను కూడా కలుపుకున్నాడు. ఈ రెండూ ఒకే తీర్పా, వేర్వేరా అని సంఘాల మధ్య పాత వాదమే ఉంది. ఈరోజు దాని జోలికి పోను.

కొరింథు వాళ్లకు న్యాయపీఠం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. క్రీ.శ. 51 ప్రాంతంలో పౌలును గల్లియోను అనే రోమా అధిపతి న్యాయపీఠం ముందు నిలబెట్టింది ఆ ఊళ్లోనే. పౌలు నోరు తెరవబోతుండగానే, ఇది మీ మతం గొడవ అని గల్లియోను కేసు కొట్టేశాడు. క్రీస్తు పీఠం దగ్గర అలా కుదరదు. ప్రతి ఒక్కరూ తన లెక్క తానే అప్పగించాలని రోమా పత్రిక 14వ అధ్యాయం చెబుతోంది.

అక్కడ దేన్ని పరీక్షిస్తారు? మొదటి కొరింథీ 3వ అధ్యాయం చూడండి. పునాది క్రీస్తే. దానిమీద ఒకడు బంగారం, వెండితో కడతాడు, ఇంకొకడు గడ్డి, కొయ్యకాలుతో (కోత తర్వాత మిగిలే ఎండు దుబ్బులతో) కడతాడు. నిప్పు పరీక్షించేది పని ఎంత పెద్దదని కాదు, ఎలాంటిదని. పని కాలిపోయినవాడికి నష్టం కలుగుతుంది, అయినా అతడు రక్షణ పొందుతాడు, అగ్నిలోంచి తప్పించుకున్నట్టుగా. ముందుగా ఈ మాట తగిలేది బోధకులకే. పౌలు, మరో బోధకుడైన అపొల్లో పేర్లతో వర్గాలు కట్టుకున్న సంఘానికి రాసిన మాట ఇది. ఏడాదికెన్ని కూటాలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అని రిపోర్టులు రాసుకునే మనం దీన్ని కాస్త నెమ్మదిగా చదవాలి.

ఇక బహుమానాలు. జీవకిరీటం, నీతి కిరీటం, మహిమ కిరీటం అని వేళ్ల మీద లెక్కపెట్టి బోధించడం మనకు అలవాటు. అపొస్తలులు అలా జాబితా ఇస్తున్నారని నాకు అనిపించదు. యేసు మాటల్లోనే లెక్క తేలదు. లూకా 19లో నమ్మకంగా పనిచేసిన ఒక దాసుడికి పది పట్టణాలు, మరొకడికి ఐదు. మత్తయి 20లో మాత్రం పొద్దున్నుంచి ఎండలో కష్టపడినవాడికీ, ఆఖరి గంటలో వచ్చినవాడికీ ఒక్కటే దేనారం, అంటే ఒక రోజు కూలి. ఆ ద్రాక్షతోట ఉపమానం ఎప్పుడు చెప్పాడో గమనించండి. అన్నీ విడిచి నిన్ను వెంబడించాం, మాకేం దొరుకుతుంది అని పేతురు అడిగాక. పన్నెండు సింహాసనాలు, నూరంతల ఫలం ఇస్తానని మాట ఇచ్చాకే యేసు ఈ కథ చెప్పాడు. బహుమానం ఖాయమే, కానీ కూలి బేరంలా అడగడానికి లేదు.

పౌలు తన గురించి కూడా తుది మాట చెప్పుకోలేదు. నాలో నాకు ఏ దోషమూ కనబడటం లేదు, అంతమాత్రాన నీతిమంతుణ్ణి అయిపోను, నన్ను విమర్శించేవాడు ప్రభువే అన్నాడు. ఆయన వచ్చి హృదయాల్లోని ఆలోచనలు బయటపెట్టేదాకా ఎవరికీ తీర్పు తీర్చకండి, అప్పుడే ఎవరికి తగిన మెప్పు వారికి దేవుని వల్ల కలుగుతుంది అన్నాడు. భూస్థాపన కూడికల్లో మనం మాత్రం, ఈయనకు పరలోకంలో పెద్ద కిరీటం సిద్ధంగా ఉందని అప్పుడే ప్రకటించేస్తున్నాం.