బ్రహ్మోస్‌కు ఆ 290 కిలోమీటర్ల లెక్క ఎక్కడిది? ఎమ్‌టీసీఆర్ ముచ్చట

[స్క్రీన్ మీద పెద్దగ: 290]

నమస్తే అన్నలూ అక్కలూ, హన్మకొండ నుంచి మీ తమ్ముడు. మనం, రష్యా కలిసి చేసిన బ్రహ్మోస్ మిసైల్ రేంజ్ ఎంత అంటే మన నిట్ పోరలైనా, కాజీపేట స్టేషన్ బయట చాయ్ తాగేటోళ్లైనా చాన ఏండ్లు ఒకటే మాట చెప్పిండ్రు, 290 కిలోమీటర్లు అని. మరి 300 ఎందుకు గాదు? ఇంజన్‌కు దమ్ము లేక కాదు, 300 దాటితే రష్యాకు చిక్కు.

ఏందంటే, 1987 ఏప్రిల్‌ల ఏడు దేశాలు, అంటే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, కెనడా, జపాన్ కలిసి మిసైల్ టెక్నాలజీ కంట్రోల్ రెజీమ్ అని ఒకటి పెట్టుకున్నయ్, ఎమ్‌టీసీఆర్ అంటరు. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోసుకపోయే రాకెట్ గానీ డ్రోన్ గానీ ఉంటే దాన్ని బయటి దేశానికి దాదాపు ఇయ్యొద్దు. వరంగల్ నుంచి గుల్బర్గా దాకా మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే అటు ఇటుగ అదే దూరం. రష్యా 1995ల ఈ గుంపుల చేరింది, మనం అప్పటికి బయటనే ఉన్నం, అందుకే ఇద్దరు కలిసి చేసిన బ్రహ్మోస్ గీత లోపలనే ఆగింది.

ఇది ట్రీటీ గాదు, తప్పితే కోర్టుకు గుంజేది ఏం లేదు, ఎవరి దేశంల వాళ్లు ఎక్స్‌పోర్ట్ చట్టం రాసుకొని నడుపుకోవాలె, అంతే.

ఏమేం బయటికి పోవద్దో ఎమ్‌టీసీఆర్‌కు ఒక లిస్టు ఉన్నది, అసలు కథ దాని రెండో భాగంల ఉంటది. మొత్తం మిసైల్‌ను ఎవడూ పబ్లిక్‌గ అమ్మడు గదా, సామాన్లు పోతయి. రాకెట్‌ల గట్టి ఇంధనానికి వాడే అమ్మోనియం పర్‌క్లోరేట్, సన్నటి అల్యూమినియం పొడి, దిశ చూపే గైరోలు, ఇంకా ఫిలమెంట్ వైండింగ్ మెషీన్. మన కొత్తవాడల జంపఖానా నేసేటప్పుడు దారం ఎట్ల వరుస తప్పకుండ పడుతదో, ఈ మెషీన్ గూడ రెసిన్‌ల ముంచిన కార్బన్ దారాన్ని తిరిగే అచ్చు మీద గట్లనే చుడుతది, కాలిస్తే తేలికైన గట్టి గొట్టం వస్తది, దాంట్ల గ్యాస్ నింపుతే సిలిండర్, మందు నింపుతే రాకెట్ మోటర్. మెషీన్‌కేం తెలుసు, అందుకే కొనేటోడెవడు, ఎందుకు కొంటుండు అని అడుగుడు.

కాయితాల మీద అబద్ధం రాస్తే ఎట్ల అంటరా? 1999 జూన్‌ల మన గుజరాత్ కాండ్లా పోర్టుకు కువోల్సాన్ అని ఉత్తర కొరియా ఓడ ఒకటి చక్కెర దింపనీకి వచ్చింది. మిగిలిన పెట్టెలల్ల నీళ్లు శుద్ధి చేసే సామాను, మాల్టాకు పోతుంది అని రాసి ఉన్నది. మన కస్టమ్స్ వాళ్లు తెరిచి చూస్తే మిసైల్ భాగాలు, డ్రాయింగులు! లిబియాకు పోయే మాల్ అని తర్వాత లెక్క తేలింది.

ఇగ మనకు పడ్డ దెబ్బ. 1991ల ఇస్రో రష్యా అంతరిక్ష సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తోని క్రయోజెనిక్ ఇంజన్ల ఒప్పందం చేసుకుంది, టెక్నాలజీతో సహా. 1992 మేల అమెరికా ఈ రూల్స్ చూపించి రెండిటి మీద రెండేండ్లు ఆంక్షలు పెట్టింది, 1993ల రష్యా మెత్తబడి ఇంజన్లు ఇస్త, టెక్నాలజీ ఇయ్య అన్నది. నాకు దీంట్ల ఒక్కటి అస్సలు మింగుడు పడదు. ఆ ఇంజన్‌కు మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ గావాలె, ప్రయోగానికి ముందర గంటల తరబడి నింపాలె, నింపి దాచిపెట్టరాదు, అసుంటిది యుద్ధంల మిసైల్‌కు ఎవడన్న పెట్టుకుంటడా? సొంత క్రయో స్టేజ్‌తోని మన జీఎస్‌ఎల్‌వీ రాకెట్ సక్సెస్ అయింది 2014 జనవరి 5న. లేటయింది మస్తు, ఆగలేదు.

2016 జూన్‌ల మనం ఎమ్‌టీసీఆర్‌ల 35వ సభ్యులమైనం, మరుసటి ఏడు 2017 మార్చ్‌ల బ్రహ్మోస్‌ను 450 కిలోమీటర్ల దాకా పెంచి కొట్టి చూసిండ్రు. చైనా అయితే 2004ల దరఖాస్తు పెట్టుకుంది, ఇప్పటికీ బయటనే. అందరూ ఒప్పుకుంటేనే ఎంట్రీ. రూల్ రాసినోళ్లు మాత్రం వాళ్లకు గావాల్సినప్పుడు వంచుకుంటరు, 2020ల అమెరికా గంటకు 800 కిలోమీటర్ల కన్న తక్కువ స్పీడున్న పెద్ద డ్రోన్లను గట్టి కేటగిరీల లెక్క పట్టం అని తనంతట తానే చెప్పింది.

మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాల సీఎన్‌సీ షెడ్డు పెట్టుకున్న అన్నలకు ఒక మాట. కరీంనగర్ గ్రానైట్ బ్లాక్ పోర్టుకు పోతే ఎవడూ మిసైల్ పర్మిషన్ అడగడు, మీరు చెక్కిన పార్ట్ బయటికి పోతే అడగొచ్చు. మన దేశంల ఆ లిస్టు పేరు స్కోమెట్, లైసెన్స్ ఇచ్చేది డీజీఎఫ్‌టీ, అంటే కేంద్రం విదేశీ వ్యాపార ఆఫీసు, వెనుక సామూహిక వినాశన ఆయుధాల మీద 2005ల చేసిన చట్టం ఉన్నది. లిస్టుల లేకున్నా, మిసైల్‌కు వాడుతరని మీకు తెలిస్తే ఎక్స్‌పోర్ట్ చెయ్యొద్దు. ఆర్డర్ ఇచ్చినోడు ఎందుకు వాడుతవు అంటే మాట దాటేస్తుంటే, సగం పైసలు అడ్వాన్స్ ఇచ్చినా సరే, స్కోమెట్ లిస్టు ఉండే ఐటీసీ హెచ్‌ఎస్ షెడ్యూల్ 2, అపెండిక్స్ 3 తీసి డ్రాయింగ్ పక్కన పెట్టుకొని చూసుకోండ్రి.