అతిథి అని పేరు పెట్టిన బిడ్డ

సభకు నమస్కారం.

చెంఘిజ్ ఖాన్ అనగానే మనకు గుర్రపు డెక్కలు, తగలబడుతున్న నగరాలు గుర్తొస్తాయి. నేను ఒక రాత్రితో మొదలుపెడతాను. అప్పటికి అతను తెముజిన్. భార్య బోర్తెను మెర్కిట్ తెగవాళ్లు ఎత్తుకుపోయారు. కొన్ని నెలలకు మిత్రసేనలతో వాళ్ల గుడారాల మీద పడ్డాడు. చీకట్లో జనం చెల్లాచెదురుగా పారిపోతుంటే, ఆమెను పేరు పెట్టి పిలుస్తూ తిరిగాడు. ఆమె ఆ గొంతు పోల్చుకుని, బండి దిగి పరుగెత్తుకొచ్చి అతని గుర్రం కళ్లెం పట్టుకుంది. వెన్నెల వెలుగులో ఒకరినొకరు గుర్తుపట్టారు. ఆ తర్వాత పుట్టిన బిడ్డకు జోచి అని పేరు పెట్టారు. అతిథి అని అర్థం. తండ్రి ఎవరన్న అనుమానం ఆ బిడ్డను చివరిదాకా వెంటాడింది. తెముజిన్ మాత్రం పెద్దకొడుకుగానే పెంచాడు.

చిన్ననాడే తండ్రి పోయి, తెగ వెలివేస్తే, తల్లి హోయెలున్ తవ్వి తెచ్చిన దుంపలు తిని పెరిగినవాడు 1206లో మంగోలులందరికీ ఖాన్ అయ్యాడు. ఇంతవరకు నాకూ అతని మీద అభిమానమే.

1218లో అతను పంపిన సుమారు 450 మంది వర్తకుల బిడారును మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యపు సరిహద్దు పట్టణం ఓత్రార్ పాలకుడు చంపించాడు. న్యాయం అడగబోయిన రాయబారినీ ఆ రాజ్యపు రాజు ఖ్వారెజ్మ్ షా బతకనివ్వలేదు. కోపం రావడం సహజమే. కానీ 1221లో, అదే రాజ్యంలోని, నేటి ఇరాన్‌లో ఉన్న నిషాపూర్ నగరం గోడల దగ్గర అల్లుడు చనిపోయాడని, ఊరికి ఊరినే నరికేశారు. బందీలను తర్వాతి కోట ముందుకు తోలి, వాళ్లను అడ్డం పెట్టుకుని దాడి చేశారు. ఆడవాళ్లను పంచుకున్నారు. చీకట్లో భార్య కోసం కేకలు వేసినవాడికి ఆ ఆడవాళ్ల గోడు తెలియదా? ఈ ప్రశ్న నన్ను వదలదు.

అన్ని మతాల గురువులకూ పన్ను మినహాయించాడు, లిపి లేని జాతికి ఉయ్‌ఘుర్ లిపి ఇచ్చాడు, వార్తాహరులకు దారిపొడవునా గుర్రాల మజిలీలు ఏర్పడ్డాయి. అన్నీ నిజాలే. అయినా వాటిని చూపించి నిషాపూర్ బాకీ చెల్లువేయడం నాకు చేతకాదు. మంగోలియా ప్రజల మమకారాన్ని కూడా నేను తప్పుపట్టను. 1962లో అతని 800వ జయంతి జరపబోతే, అప్పట్లో ఆ దేశం మీద పెత్తనం చేసిన సోవియట్ పెద్దలు కన్నెర్రజేశారు. ఆ ఉత్సవాన్ని సమర్థించిన నాయకుడు తుముర్ ఒచిర్ పదవి పోగొట్టుకున్నాడు. అంత అణచివేత చూసినవాళ్లు నేడు 40 మీటర్ల విగ్రహం నిలబెట్టుకున్నారంటే అర్థం చేసుకోగలను.

చివరిగా మళ్లీ జోచి. ఖ్వారెజ్మ్ రాజ్యపు గుర్గంజ్ నగరాన్ని ముట్టడించినప్పుడు, అది తన వాటాకు రావలసింది కాబట్టి దాన్ని పాడుచేయవద్దని అతను పట్టుబట్టాడు. తమ్ముడు చగతాయ్ ఒప్పుకోలేదు. తగవు తండ్రి దాకా వెళ్లింది. తండ్రి మూడోవాడైన ఒగెదెయ్‌కు సేనను అప్పగించాడు. గుర్గంజ్ మిగలలేదు.