పాలిప్ కోడ్ వేసేముందు చీటీ రానివ్వండి

నమస్తే అండీ. అమెరికా రోగుల బీమా క్లెయిమ్‌లకు జబ్బు కోడ్‌లు (ఐసీడీ-10) వేసే మన పనిలో, నిన్న ఆడిట్‌లో మళ్లీ అదే తప్పు. కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్ష) పాలిప్ (పేగు లోపలి గోడపై పెరిగిన చిన్న కండ) తీశారు, బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు, కోడర్ డి37.4 (పెద్దపేగులో అన్‌సర్టెన్ గడ్డ) వేసేశారు. ఎందుకని అడిగితే, "అదేంటో ఇంకా తెలీదు కదండీ, అందుకే అన్‌సర్టెన్ పెట్టాను" అన్నారు.

అన్‌సర్టెన్ అంటే మనకు తెలియకపోవడం కాదు. పెథాలజిస్టు మైక్రోస్కోప్ కింద చూశాక కూడా, ఇది మామూలు గడ్డో క్యాన్సరో తేల్చలేనని రాయడం.

మా ఊరి పాలకేంద్రం సంగతి చెప్తాను. పొద్దున్నే ఎవరి క్యాన్ మూత తీసినా పాలు తెల్లగానే ఉంటాయి. శాంపిల్ మెషిన్‌లో పెడితేనే వెన్న శాతం చీటీ వస్తుంది, రేటు దాన్నిబట్టే. మెషిన్‌లో పెట్టకముందే "వెన్న ఎంతో తేలలేదు" అని రిజిస్టర్‌లో ఎక్కిస్తారా? తేలకపోవడం వేరు, పరీక్షే జరగకపోవడం వేరు.

స్కోప్‌లో డాక్టరు చూసింది తెల్లటి పాలే. చీటీ అంటే పెథాలజీ రిపోర్టు. అది రాకముందే క్లెయిమ్ వెళ్లి తీరాలంటే కె63.5 (పెద్దపేగు పాలిప్ అని మాత్రమే చెప్పే కోడ్) వేయండి. నన్నడిగితే ఆగడమే మేలు. మనం హైదరాబాద్‌లో కూర్చుని వేసే అంకె, అమెరికాలో ఒక మనిషి రికార్డులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇంకోటి, ఏ క్యాన్ చీటీ ఆ క్యాన్‌కే. ఒక రిపోర్టులో మూడు సీసాలున్నాయనుకోండి, ఒక్కోదాంట్లో ఒక్కో చోట తీసిన పాలిప్. ఎ: సిగ్మాయిడ్ (రెక్టమ్‌కు ముందుండే పెద్దపేగు వంపు), ట్యూబులర్ అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ, కానీ ముందుముందు అలా మారొచ్చు). బి: ట్రాన్స్‌వర్స్ (పెద్దపేగు అడ్డ భాగం), హైపర్‌ప్లాస్టిక్ (మామూలుగా ప్రమాదం లేని పాలిప్). సి: రెక్టమ్ (మలాశయం), అదీ హైపర్‌ప్లాస్టికే. అడినోమా అయితే డి12, చివరి అంకె చోటును బట్టి. సిగ్మాయిడ్ కాబట్టి డి12.5. బి సీసాకు కె63.5. సి సీసాకూ అదే వేసేస్తుంటారు, కాదు. రెక్టమ్ పాలిప్‌కు కె62.1. ఇక అడినోమాకు డి12.6 అయితే, చోటు రాయనప్పుడు మాత్రమే. చోటు రాసి ఉండగా అది వేస్తే, పాలు ఎవరింటివో చూడకుండా చీటీ రాసినట్టే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. హెపాటిక్, స్ప్లీనిక్ ఫ్లెక్సర్ల (పెద్దపేగు అడ్డ భాగానికి రెండు చివరల ఉండే మలుపులు) అడినోమాలు రెండూ డి12.3. హై గ్రేడ్ డిస్‌ప్లేసియా (కణాలు బాగా మారిపోవడం) ఉన్న అడినోమా కూడా డి12లోనే, కార్సినోమా ఇన్ సిటు (పుట్టిన పొరలోనే ఉన్న తొలిదశ క్యాన్సర్) కిందకు తోసేయకండి. స్క్రీనింగ్‌కని వచ్చినవాళ్లకు పాలిప్ దొరికినా మొదటి కోడ్ జడ్12.11, పాలిప్ దాని తర్వాతే. పాత పాలిప్స్ హిస్టరీకి వాడే జడ్86.010 చివర ఇప్పుడు ఇంకో అంకె చేరింది, అడినోమా అయితే జడ్86.0101. మీ టెంప్లేట్లలో పాతదే ఉంటే ఈరోజే మార్చుకోండి.