అమెరికా వంటింట్లో ఓవెన్ ఎంత కరెంటు తాగుతుంది?

హాయ్ అండి, అందరూ బాగున్నారా? మా డల్లాస్ వైపు ఎండలు కాస్త తగ్గాయి, అందుకే ఇవాళ ఓవెన్ వేసి కర్రీ పఫ్‌లు చేస్తున్నాను. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో ఓవెన్ తలుపు తీస్తే చాలాచోట్ల పెనాలు, మూకుళ్ళు, పెద్ద గిన్నెలే కనిపిస్తాయి. వాడితే బిల్లు తడిసి మోపెడవుతుందని భయం. మా అత్తయ్యగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడా అదే అడిగారు, "ఇంత పెద్ద పొయ్యికి ఎంత కరెంటు కాలుతుందమ్మా?" అని. మంచి ప్రశ్న. అందుకే ఈ వీడియో దాని గురించే.

ముందు గరాజ్‌లోకి రండి, బ్రేకర్ ప్యానెల్ చూపిస్తాను, అంటే కరెంటు మోతాదు మించితే వాటంతటవే ఆగిపోయే స్విచ్‌ల పెట్టె. ఇండియాలో మామూలు ఇంటికి ఒక ఫేజ్ వైరు, ఒక న్యూట్రల్ వస్తాయి, ఆ రెండిటి మధ్య 230 వోల్టులు. ఇక్కడ రెండు లైవ్ వైర్లు, వాటితో ఒక న్యూట్రల్ వస్తాయి. ఏదో ఒక లైవ్ వైరుకీ న్యూట్రల్‌కీ మధ్య 120, రెండు లైవ్ వైర్ల మధ్య 240. ఫ్రిజ్, ఛార్జర్లు, ఇక్కడ కొన్న మిక్సీ అన్నీ 120 మీద నడుస్తాయి. ఓవెన్, బట్టల డ్రయ్యర్, పెద్ద ఏసీ లాంటివి 240 మీద. ఇదిగో, మిగతావన్నీ సన్నగా ఉన్నాయి కదా, ఓవెన్‌ది ఇది ఒక్కటి వెడల్పుగా, రెండు లైవ్ వైర్లకీ ఒకే పిడితో ఉంది, మీద 40 అని రాసుంది. 40 ఆంప్స్‌ని 240తో గుణిస్తే 9,600 వాట్లు. పైన నాలుగు బర్నర్లు, కింద ఓవెన్ అన్నీ కలిపితే అంతకంటే ఎక్కువే కావచ్చు, కానీ అన్నీ ఒకేసారి ఫుల్లుగా ఎవరూ పెట్టరన్న లెక్కతో ఇళ్ళకి 40 లేదా 50 బ్రేకర్ వేస్తారు.

మా పక్కింటివాళ్ళకి ఈమధ్య ఓవెన్‌లో గడియారం వెలుగుతోంది, లైటు వస్తోంది, వేడి మాత్రం రావట్లేదు. కొత్తది కొనేద్దామనుకున్నారు. గడియారానికీ లైటుకీ ఒక లైవ్ వైరు చాలు, వేడెక్కడానికి రెండూ కావాలి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఓవెన్ బాగానే ఉంది, బ్రేకర్‌లో ఒక సగం పోయింది. మీ ఇంట్లో ఇలా అయితే షాపుకి వెళ్ళే ముందు బ్రేకర్ చూపించండి. ప్యానెల్ మూత మాత్రం మీరు విప్పొద్దు, లోపల ప్రాణాలు తీసే కరెంటు ఉంటుంది.

సరే, పఫ్‌ల దగ్గరికి వద్దాం. 400 ఫారన్‌హీట్ పెట్టాను, అంటే మన లెక్కలో 200 సెల్సియస్ పైన. అద్దంలోంచి చూడండి, అడుగున కడ్డీ ఎర్రగా ఉంది కదా? పైనా ఒకటి ఉంది, అది బ్రాయిల్‌కి, అంటే పైనుంచి కాల్చడానికి. కడ్డీ లోపల సన్నటి నైక్రోమ్ తీగ, దాని చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, ఆ పైన లోహపు గొట్టం. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. ఇప్పుడు బీప్ వచ్చింది, 400కి చేరింది, కడ్డీ నల్లబడిపోయింది. పాడైపోయిందని కంగారు పడకండి. లోపల వెనక గోడకి పెన్సిల్ లాంటి సెన్సార్ ఉంటుంది, వేడి చాలనగానే కడ్డీని ఆపేస్తుంది, తగ్గగానే మళ్ళీ వెలిగిస్తుంది. ఓవెన్ వేసి ఉన్నంతసేపూ కరెంటు ఒకే తీరున లాగదన్నమాట. మాటిమాటికీ తలుపు తీస్తే మాత్రం వేడిగాలి బయటికి పోయి పాపం అది మళ్ళీ మొదటినుంచీ కష్టపడాలి, పఫ్‌లు కూడా సరిగ్గా పొంగవు.

మా కడ్డీ 3,000 వాట్లు అనుకుందాం. వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిట్. వేడెక్కడానికి పావుగంట, అంటే ముప్పావు యూనిట్. తర్వాత పాతిక నిమిషాల్లో సగం సేపే వెలిగితే ఇంకో 0.6 యూనిట్. మొత్తం ఒకటిన్నర యూనిట్ లోపే! మా ప్లాన్‌లో యూనిట్ 15 సెంట్లు, ట్రే నిండా పఫ్‌లకి పాతిక సెంట్లు కూడా కాలేదు. లెక్క చెప్పగానే అత్తయ్యగారు రెండో ట్రే సర్దేశారు. నడివేసవిలో మాత్రం ఈ వేడినంతా మళ్ళీ ఏసీ బయటికి తోయాలి, అప్పుడు చిన్న టోస్టర్ ఓవెనే నయం.

ఇండియా నుంచి ఓటీజీ, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్, తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దండి. 230 వోల్టులకి చేసిన 2,000 వాట్ల ఓటీజీ ఇక్కడ 120 మీద దాదాపు 540 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ సగమైతే వేడి సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. కేక్ ఉడకదు, ఎండుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా మామూలు 15 ఆంప్స్ ప్లగ్గు 1,800 వాట్లు దాటి ఇవ్వలేదు. ఇక్కడి 1,500 వాట్లది ఇండియాలో నేరుగా పెడితే ఇంకా ప్రమాదం, 5,000 వాట్లు పైన లాగబోయి కాలిపోతుంది.

గ్యాస్ ఓవెన్ ఉన్నవాళ్ళకి ఒక మాట. కరెంటు పోతే పైన బర్నర్ అగ్గిపుల్లతో వెలుగుతుంది, ఓవెన్ మాత్రం చాలావాటిల్లో వెలగదు, ఎందుకంటే లోపల గ్యాస్‌ని అంటించే ఇగ్నైటర్ కరెంటుతో ఎర్రగా కాలితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. 2021 ఫిబ్రవరి చలిలో టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది. అలాంటప్పుడు ఇల్లు వెచ్చబడాలని గ్యాస్ పొయ్యి వెలిగించి పెట్టొద్దు, గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, దయచేసి ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం పెట్టుకోండి.

చలికాలంలో దోసెల పిండి పులియకపోతే గిన్నె ఓవెన్‌లో పెట్టి లైటు ఒక్కటే వేయండి, పాతరకం 40 వాట్ల బల్బు వేడి రాత్రంతా చాలు. బటన్ మీద టేపు అంటించండి, లోపల పిండి ఉందని తెలియక ఎవరో ఒకరు ఓవెన్ వేసేస్తారు. ఎల్ఈడీ బల్బు వేసిన ఓవెన్‌లో ఇది కుదరదు, అది అంత వేడి ఇవ్వదు.