రిలే టక్‌మని ఊరుకుంది

హోస్ట్: ఐసీఎస్, అంటే ఫ్యాక్టరీలను నడిపే కంట్రోల్ సిస్టమ్‌ల సెక్యూరిటీ నేర్చుకోవాలంటే ప్లాంట్‌లో ఉద్యోగమో, ఖరీదైన ల్యాబో ఉండాలంటారు. మీరేమో బల్ల మీదే పెట్టేశారు!

గెస్ట్: పెద్దగా ఏం లేదండి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, పంపుని ఆన్-ఆఫ్ చేసే రిలే బోర్డు, 12 వోల్టుల చిన్న పంపు, రెండు ప్లాస్టిక్ డబ్బాలు, నీటి మట్టం చెప్పే ఒక ఫ్లోట్ స్విచ్. రాస్ప్‌బెర్రీ పైలో ఓపెన్‌పీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే అదే పీఎల్‌సీ, అంటే ఫ్యాక్టరీలో యంత్రాల్ని నడిపే కంట్రోలర్. నీళ్లు తగ్గితే పంపు 8 సెకన్లు నడవాలి, అంతే లాజిక్.

హోస్ట్: దాడి ఎలా చేశారు?

గెస్ట్: పీఎల్‌సీకి ఆర్డర్లు పంపే భాష మోడ్‌బస్, అది 1979 నాటిది. పాస్‌వర్డ్ అడగదు. నెట్‌వర్క్ పోర్ట్ 502కి ఎవరు ఆర్డర్ వేసినా వింటుంది. పైథాన్‌లో రెండు లైన్లు రాసి, పంపు కాయిల్‌కి (మోడ్‌బస్‌లో ఆన్/ఆఫ్ విలువని అలా అంటారు) 'ఆన్' పంపించాను. రిలే టక్‌మంది, వెంటనే ఆగిపోయింది. కోడ్ తప్పేమోనని గంటసేపు తల బాదుకున్నాను.

హోస్ట్: తప్పు ఎక్కడుంది?

గెస్ట్: తప్పేం లేదు. పీఎల్‌సీ ప్రతి 20 మిల్లీసెకన్లకీ లాజిక్‌ని మొదటి నుంచి నడిపి అవుట్‌పుట్ మళ్లీ రాస్తుంది, దీన్నే స్కాన్ సైకిల్ అంటారు. నేను పెట్టిన 'ఆన్'ని అదే చెరిపేసింది. అప్పుడు కాయిల్ వదిలేసి, టైమర్ విలువ దాచుకునే గడి, అంటే రిజిస్టర్ 1024లో 8 తీసి 80 పెట్టాను. లాజిక్ బుద్ధిగా దాన్నే పాటించింది. బల్లంతా నీళ్లే. రాస్ప్‌బెర్రీ పై కొంచెం ఎత్తులో ఉంది కాబట్టి బతికింది!

హోస్ట్: హార్డ్‌వేర్ లేనివాళ్లు?

గెస్ట్: గ్రాఫిక్స్ (GRFICS) అని వర్చువల్ కెమికల్ ప్లాంట్ ఉంది, ఉచితం. మొదలుపెట్టడానికి చాలు. కానీ రిలే చప్పుడు వింటే స్కాన్ సైకిల్ ఇక మర్చిపోరు. ఒక్క జాగ్రత్త: దీనికి విడిగా ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టుకోండి, ఇంటి వైఫైకి కలపొద్దు. మోటారుకి కరెంటు కూడా వేరే అడాప్టర్ నుంచే ఇవ్వండి, రాస్ప్‌బెర్రీ పై పిన్నుల నుంచి కాదు.

హోస్ట్: మరి నీళ్లు పొర్లకుండా ఏం చేశారు?

గెస్ట్: డబ్బా పైభాగంలో ఇంకో ఫ్లోట్ స్విచ్ పెట్టి, దాన్ని నేరుగా పంపు వైరులో కలిపాను. నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. మళ్లీ అదే దాడి చేస్తే రిజిస్టర్‌లో 80, రిలే ఆన్, పంపు మాత్రం ఆగింది. తమాషా ఏంటంటే, స్క్రీన్ మీద 'పంపు నడుస్తోంది' అనే ఉంది.

హోస్ట్: అబద్ధం చెబుతోందా?

గెస్ట్: దానికి తెలిసింది రిలే సంగతే కదండీ. అందుకే ఈ వారం పైపులో ఫ్లో సెన్సర్ బిగిస్తున్నాను.