కిరాయి కాయితం

అందరికి నమస్తే. ఎండాకాలం సెలవులల్ల మా క్లాసోళ్ళు సగం మంది కోచింగులని హైదరాబాద్ పోయిండ్రు, నేను మాత్రం హన్మకొండలనే ఉండి పొద్దుగాల లైబ్రరీ, పగలు రూముల ఎతుకులాట, మాపటీలి ఉర్దూ, ఇట్ల గడిపిన. ఆ ముచ్చటే చెప్త.

ఉర్దూ ఎందుకంటరా, ఉగాదికి ఇల్లు సర్దుతుంటే తాత సందుగల ఒక కాయితం దొరికింది, మడతల కాడ చినిగింది, మూలకు చెదలు పట్టింది, అంతా ఉర్దూల ఉన్నది. అది తాత వాళ్ళ నాయినదట. తాతకు ఎనభై దాటినయ్ గని ఆయనకూ చదువరాదు, ఆయన బడికి పొయ్యేటాళ్ళకు నిజాం రాజ్యమే పాయె. "పొలం కాయితం కావచ్చు బిడ్డా" అన్నడు, ఇగ చూడుండ్రి, మా ఇంట్ల అందరికి ఆశ పుట్టింది, మా బాబాయైతే ఎకరం ధర కూడ లెక్కేసిండు.

నా దోస్తు, నాకు కాబోయే రూమ్మేట్, వాళ్ళ నానా, అంటే వాళ్ళ అమ్మ వాళ్ళ నాయిన, మండీబజార్ల ఉంటడు, ఉర్దూ సారు చేసి రిటైర్ అయిండు. కాయితం చదివి పెట్టుమంటే చదువలే. "నువ్వే చదువు, నెలన్నర టైమిస్త" అన్నడు. మొదటి రోజు పడవ లెక్క ఒక గీత గీసి కింద ఒక చుక్క పెడితే బ, కింద మూడు పెడితే ప, మీద రెండు పెడితే త అన్నడు, ఓస్ ఇంతేనా అనుకున్న. తీరా చూస్తే ఇంగ్లీషు z లెక్క పలికే జ చప్పుడుకే నాలుగు అక్షరాలు, పైగా చిన్న అచ్చులు రాయనే రాయరు, మనమే అందాజగ చదువుకోవాలె. మనకు తెలుగుల రాసింది రాసినట్టు చదువుడు అలవాటాయె, నాకైతే ఏడుపొచ్చింది.

పొద్దుగాల కూసునేది రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంల. 1904ల పెట్టిండ్రు దాన్ని, కచేరీలల్ల బడులల్ల అంతా ఉర్దూ నడిచిన కాలంల తెలుగు చదువుకునేటందుకు పెట్టుకున్న జాగ. అండ్ల కూసోని నేను ఉర్దూ వాచకం దిద్దుకునుడు నాకే నవ్వొచ్చేది. అప్పుడే గోలకొండ కవుల సంచిక కూడ తిరగేసిన, తెలంగాణల కవులే లేరన్న మాటకు జవాబుగ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934ల తెచ్చింది, 354 మంది కవులు, నేను ఓ నలభై మంది కాడ ఆగిన, నిజం చెప్తున్న.

ఇగ రూములు. రోహిణి కార్తెల మధ్యాహ్నం రెండింటికి స్కూటీ మీద నయీంనగర్, కిషన్‌పుర, గోపాల్‌పూర్, భీమారం, ఎక్కడ టు-లెట్ బోర్డు కనపడితే అక్కడ దిగుడు. నయీంనగర్ల ఒక రూము అగ్గువకే వచ్చింది, కొత్తగ రంగేసి మెరుస్తున్నది, కని బీరువా జరిపి చూస్తే ఎనుక గోడకు మోకాలెత్తున మట్టి గీత, రంగు అక్కడిదాకా ఎయ్యలే. 2023 జులై వానలకు నాలా పొంగి ఈడ ఇండ్లల్లకు నీళ్ళొచ్చిన సంగతి మీకు ఎరుకనే. ఓనరమ్మను అడిగితే "అది పాత చెమ్మ బిడ్డా" అన్నది. చెమ్మ అంత సాపుగ గీత గీస్తదా?

ఇంకో కాడ అన్నీ కుదిరినయ్, బోరు ఉన్నది, కరెంటుకు సబ్ మీటరు ఉన్నది, రెండు నెలల అడ్వాన్సుకు మేము సరే అన్నం, చాయ్ కూడ పోసిండ్రు. పేర్లు చెప్పుమన్నరు. నాది చెప్పిన, నా దోస్తుది అది చెప్పింది. ఓనరు సారు లోపటికి పోయి వచ్చి "మా అల్లుడు వస్తనంటున్నడమ్మా" అన్నడు. ఆ నెలల అట్ల మూడిండ్లల్ల అల్లుండ్లు వచ్చిండ్రు. మూడో అల్లునికి మేమిద్దరం మెట్ల మీదనే నవ్వినం గని, స్కూటీ స్టార్ట్ చేసినంక అది హన్మకొండ చౌరస్తా దాక ఒక్క మాట మాట్లాడలే.

ఆ మాపటీలి నానా పాఠం చెప్పలే, మేము పొద్దంత మాట్లాడిన మాటలు రాయిమన్నడు. కిరాయి, ఖాళీ, మరమ్మత్తు, హామీ, రసీదు, బాకీ, వసూలు, తారీఖు. రాస్తుంటే తెలిసింది, ఇవన్నీ ఉర్దూల నుంచి మన నోటికి వచ్చినయే, నెలంత ఉర్దూలనే రూము ఎతికినమన్నట్టు.

చివరికి భీమారంల దొరికింది, మీద పోర్షను, ఒక రూము, వంటర్ర. ఓనరమ్మ పేర్లు అడగలే, రాత్రి తొమ్మిదిన్నరకు గేటు ఏస్త అన్నది, అంతే.

జూన్ల కాయితం పట్టుకోని నానా ముందట కూసున్న. చెదలు చుక్కలను తినుడుతోని బ ఏదో ప ఏదో తెల్వక మొదటి లైనుకే గంట పట్టింది. కి-రా-యా-నా-మా. 1354 ఫస్లీ అని ఉన్నది, ఫస్లీ అంటే నిజాం కాలంల నడిచిన సంవత్సరాల లెక్క, ఇప్పటి లెక్కకు నెలను బట్టి 590 గని 591 గని కలుపుకోవాలె, అంటే 1944-45. మా ముత్తాత వరంగల్ల ఒక గది కిరాయికి తీసుకున్నడు, మరమ్మత్తులు మాలిక్‌వే, గది ఇంకొకలకు ఇయ్యొద్దు అని రాసున్నది. కిరాయి ఎంతనో మాత్రం 'రకం' అనే అంకెలల్ల ఉన్నది, పాత లెక్కల రాత అది, అంకెల లెక్కనే ఉండయ్, నానాకు కూడ అంతుపట్టలే.

ఊరికి పోయి తాతకు చదివి వినిపించిన. అప్పుడు యాదికొచ్చింది ఆయనకు, వాళ్ళ నాయిన కొన్నొద్దులు అజంజాహి మిల్లుల పనికి పొయ్యేటోడని, 1934ల నిజాం పెట్టిన ఆ మిల్లు ఇప్పుడు లేదు. తాత కాయితాన్ని అటిటు తిప్పి చూసిండు.

"అయితే పొలం లేదన్నట్టేనా?"

"లేదు తాతా."

"అడ్వాన్సెంత ఇచ్చిండట?"