హెచ్-ఇండెక్స్ లెక్క: తప్పు దొర్లేది ఎక్కడ?

శ్రోతలకు నమస్కారం. ఒక పరిశోధకుడి పత్రాలను తోటివాళ్లు ఏ మేరకు ప్రస్తావిస్తున్నారో ఒక్క సంఖ్యలో చెప్పే కొలత హెచ్-ఇండెక్స్. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో దీన్ని ప్రతిపాదించారు. కనీసం 4 సైటేషన్ల (అంటే ఇతర పత్రాల్లో ప్రస్తావనల) చొప్పున వచ్చిన పత్రాలు 4 ఉండి, 5 చొప్పున వచ్చినవి 5 లేకపోతే ఇండెక్స్ 4.

పెన్సిలూ కాగితమూ అందుబాటులో ఉంటే రాసుకోండి: 4, 19, 0, 6, 11, 5, 2. ఇవి ఏడు పత్రాలకు వచ్చిన సైటేషన్లు. పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి: 19, 11, 6, 5, 4, 2, 0. పక్కనే 1 నుంచి వరస సంఖ్యలు వేయండి. సైటేషన్లు వరస సంఖ్యకు తగ్గనంతవరకు కిందికి దిగుతూ పోవాలి. నాలుగో వరసలో 5 ఉంది, సరిపోయింది. ఐదో వరసలో 4, చాలలేదు. అక్కడే ఆగండి. జవాబు 4.

ఆ 19 కాస్తా 1900 అయినా జవాబు కదలదు. ఐదో వరసలోని 4కి ఇంకొక్కటి కలిస్తే మాత్రం ఇండెక్స్ 5 అవుతుంది. అంచున ఉన్న పత్రాన్ని తన తర్వాతి వ్యాసంలో తానే ప్రస్తావించుకోవాలన్న ఆశ పుట్టేది ఇక్కడే.

ప్రోగ్రాం రాసేవాళ్లు రెండు చోట్ల జారిపడతారు. చాలా కంప్యూటర్ భాషలు వరసను 0 నుంచి లెక్కపెడతాయి. ఆ సంఖ్యకు 1 కలపకుండా పోలిస్తే ఐదో పత్రం స్థానం 4 అవుతుంది, దాని సైటేషన్లూ 4 కాబట్టి పాసైపోయి, 5 అనే తప్పు జవాబు వస్తుంది. రెండోది, ఫైలు నుంచి చదివిన సంఖ్యలు అక్షరాలుగానే ఉండిపోవడం. అప్పుడు పోలిక మొదటి అక్షరంతోనే మొదలవుతుంది కనుక 6, 5, 4, 2 ముందుకొచ్చి, 19, 11 వెనక్కి పోతాయి. జవాబు 3కి పడిపోతుంది.

పేర్చకుండానూ తేల్చవచ్చు. 7 పత్రాలకు 0 నుంచి 7 వరకు ఎనిమిది గళ్లు గీయండి. ప్రతి పత్రాన్నీ దాని సైటేషన్ల సంఖ్య ఉన్న గడిలో వేయండి. 7 దాటినవన్నీ 7వ గడిలోకే, ఎందుకంటే ఇండెక్స్ పత్రాల సంఖ్యను మించదు. 7వ గడి నుంచి కిందికి, ఒక్కో గడిలోని పత్రాలను కూడుకుంటూ వస్తే 2, 3, 4, 5. 4వ గడి దగ్గర మొత్తం 5 అయింది, గడి సంఖ్యకు తగ్గలేదు. జవాబు అదే 4.

లెక్క ఇంత తేలిక. చిక్కంతా సరుకులోనే! ఒకే పేరున్న ఇద్దరి పత్రాలు కలిసిపోతాయి, ఒకే పత్రం రెండుగా నమోదై సైటేషన్లు చీలిపోతాయి. సైటేషన్లను లెక్కపెట్టే డేటాబేస్‌లైన గూగుల్ స్కాలర్, స్కోపస్ వేర్వేరు పత్రాలను లెక్కలోకి తీసుకుంటాయి కనుక ఒకే మనిషికి రెండు ఇండెక్సులు కనిపించడం మామూలే. సంఖ్య పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ కూడా రాసిపెట్టుకోండి.